వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు

ఆంధ్రదేశమున ఫిడేలు అను మాట వినబడిన తోడనే సంగీతాభిమానుల మనస్సునకు వచ్చు పేరు ద్వారం వేంకటస్వామి నాయుడుగారిది. ఇంటిపేరును, పెట్టిన పేరును విడిచి లోకులు వారిని ఫిడేలు నాయుడుగారనియే పిలుచుచుండిరి. చేతిలోని వాద్యమే ఒక మనిషికి పేరై నిలుచుట సామాన్యమైన గౌరవము కాదు. కాని ఆ వాద్యము ఆ చేతికి వచ్చిన కారణము మాత్రము సంతోషింపదగినది కాదు. కన్నులు సరిగా కనబడకపోవుట చేతనే ఆ బాలుడు పుస్తకము విడిచి ఫిడేలు పట్టుకొనెను.

పామిడిముక్కల ప్రాంతమువారికి నాయుడుగారు బొత్తిగా పరాయివారు కారు. వారు పెరిగినది విశాఖపట్టణమున, ఉద్యోగము చేసినది విజయనగరమున. అయినను సంగీతమునకు జిల్లా పొలిమేరలు లేవు గదా. క్షేత్రయ్య ఊరని పేరుపొందిన మొవ్వయు, నాట్యమునకు పుట్టినిల్లయిన కూచిపూడియు ఇచ్చటికి ఎంతో దూరమున లేవు. కూచిపూడివారి మేళములో గాయకుని ప్రక్కన ఫిడేలు ఉండుట ఈ ప్రాంతపు పిల్లలకు సైతము తెలిసిన విషయమే. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీతము నేర్చుకొనుటకు పోయినది నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న విజయనగర కళాశాలకే. ఆ సంగతి ముందు వచ్చును.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రిగారు సైన్యములో ఉద్యోగి. తరువాత కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడినది. ఊరంతయు దీపములు వెలిగించుకొను పర్వమున పుట్టిన బిడ్డకు చూపు మందగించుట విధివిలాసమని ఇరుగుపొరుగువారు అనుకొనియుందురు. పండుగనాటి దీపముల మాట అట్లుండగా, బడిలో చదువు కంటితో చేయవలసిన పని. ఆ పనికి ఆ బాలుని కన్నులు సహకరింపలేదు. చూపులోపము కారణముగా బడిచదువు మధ్యలోనే ఆగిపోయెను.

ఇచ్చట ఒక మాట చెప్పుట అవసరము. పూర్తిగా చూపులేని బిడ్డను చూచినచో లోకము జాలిపడును. కొంచెము చూపున్న బిడ్డను చూచినచో విసుగుకొనును. వాడు నడచుచున్నాడు, ముద్ద నోటికి తానే పెట్టుకొనుచున్నాడు, మనుష్యులను గుర్తుపట్టుచున్నాడు. మరి పాఠము చదువుమన్నచో ఎందుకు చదువడు? సోమరితనమైనను కావలెను, మందబుద్ధియైనను కావలెను అని పెద్దలు తీర్మానింతురు. పలకను ముక్కునకు ఆనించి చూచుకొను పిల్లవానిని చూచి తోటిపిల్లలు నవ్వుదురు. బంతి ఎటనుండి వచ్చుచున్నదో తెలియక అతడు ఆటలకు దూరమగును. ఆటలు లేని శరీరము గట్టిపడదు. మునిమాపువేళ మెట్టు తెలియక ఒకటి రెండు మారులు పడినచో నడకయందే భయము పుట్టును. ఇట్లు కంటిలోని లోపము కంటిలోనే ఆగక కాళ్లలోనికిని, ఆకలిలోనికిని, నిద్రలోనికిని దిగుచుండును. చూపు తగ్గినవారిలో క్రిందపడుటయు, ఎముకలు విరుగుటయు, దిగులుతో క్రుంగుటయు ఇతరులలోకంటె అధికమని నేటి వైద్యులు చెప్పుచున్నారు.

పెద్దవారి విషయములో ఇది పల్లెలలో కన్నులారా చూడదగిన సంగతియే. ప్రతిదినము సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చి పత్రిక చదువుకొను వృద్ధుడొకడు క్రమముగా రావడము తగ్గించును. పత్రికలోని సన్నని అక్షరములు కనబడకపోవుట మొదటి కారణము. చీకటిపడిన తరువాత కాలువగట్టు వెంబడి ఇల్లు చేరుటకు భయము రెండవది. ఆరు మాసములకు అతడు అరుగు దిగడు. మరి కొన్నాళ్లకు మంచము దిగడు. ముసలితనము పైబడినదని ఊరివారు సరిపెట్టుకొందురు. శస్త్రచికిత్సతో తీసివేయదగిన శుక్లమేదైన ఆ కంటిలో ఉన్నదా అని అడిగినవారు మాత్రము ఉండరు.

వేంకటస్వామికి ఇటువంటి ముప్పు బాల్యముననే ఎదురైనది. బడికి పోని, పొలము పనికి గాని కచేరీ ఉద్యోగమునకు గాని పనికిరాడనిపించుకొన్న పిల్లవానికి ఆ కాలమున మిగులునది ఇంటిలోని ఒక మూల. రెండు పూటల అన్నమునకు లోటుండదు. అంతకుమించి అతని వలన ఎవరికిని అవసరముండదు. చూపులేనివారి కష్టములలో చీకటికంటె ఈ అవసరము లేకపోవుటయే ఎక్కువ బాధాకరమని చెప్పవచ్చును. ఆ మూలనుండి వేంకటస్వామిని లేవదీసినది వైద్యము కాదు. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు ఫిడేలు నేర్చినవారు. ఆయనయే తమ్ముని చేతికి కమాను ఇచ్చి మొదటి గురువైరి. నాయుడుగారి కీర్తిని చెప్పువారు ఈ అన్నగారిని ఒక్క వాక్యముతో దాటిపోవుచుందురు. ఆయన లేనిచో చెప్పుకొనుటకు మిగిలిన కథయే ఉండెడిది కాదు.

ఫిడేలు మన దేశపు వాద్యము కాదు. పడమటి దేశములనుండి ఓడలలో వచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి దక్షిణదేశ సంగీతమునకు అలవరచిన పిమ్మట నూరు సంవత్సరములు గడచునప్పటికి అది మన పాటకు విడువరాని తోడైనది. ఈ వాద్యమునకు ఒక ప్రత్యేకత కలదు. వీణకు మెట్లుండును. స్వరస్థానమెచ్చటనో ఆ మెట్టు చెప్పును. ఫిడేలుకు అటువంటి గుర్తులేవియు లేవు. నాలుగు తీగలు, నున్నని పట్టీ, అంతే. వ్రేలు వెండ్రుకవాసి ముందునకు గాని వెనుకకు గాని జరిగినచో స్వరము చెడును. ఎచ్చట ఆపవలెనో చెప్పునది చెవి ఒక్కటే. ఎంత చక్కని కన్నులున్నను ఈ పనిలో అవి ఉపయోగింపవు. కన్నులున్నవానికిని లేనివానికిని ఆ పట్టీమీద సమానమైన చీకటియే.

మరియొక విషయము. పాశ్చాత్య సంగీతమును నేర్చువారు ఎదుట కాగితము పెట్టుకొని, దానిమీది గుర్తులు చూచుచు వాయింతురు. మన సంగీతము గురుముఖతః వచ్చునది. గురువు పాడును, శిష్యుడు వినును, తిరిగి పలికించును. తప్పినచో గురువు మరల పాడును. ఈ పద్ధతిలో పుస్తకము లేనందువలన చూపులేని విద్యార్థి ఇతరులకు వెనుకబడడు. బడిలో తనను వెలుపలికి నెట్టిన గోడ ఈ విద్యలో లేనే లేదు. ఈ రెండు సంగతులును కలిసివచ్చుటచేత వేంకటస్వామికి ఫిడేలు తగిన చోటైనది.

చూపు తీసికొన్న భగవంతుడు దానికి బదులుగా సంగీతము ఇచ్చునని లోకములో ఒక నమ్మకము కలదు. దానిని పూర్తిగా ఒప్పుకొనుట కష్టము. అట్లే అయినచో దేశములోని చూపులేనివారందరును గాయకులు కావలసి యుండును. చెవి దానంతట అది పదునెక్కదు. చూపు తక్కువైనవాడు వినికిడిమీద ఎక్కువ ఆధారపడును గనుక దానిని ఎక్కువగా సాధన చేయును. సాధన చేసిన మేరకే అది పదునెక్కును. నాయుడుగారి విషయములో ఏండ్ల తరబడి సాగిన అభ్యాసమును వరమనుట వారి శ్రమను తక్కువ చేయుటయే అగును. దక్షిణదేశమున కుంభకోణమువాసియైన శరభశాస్త్రిగారు (1872-1904) పసితనముననే చూపు పోగొట్టుకొనియు పిల్లనగ్రోవిని కచేరీ వాద్యముగా నిలిపిరి. నాయుడుగారు పుట్టిన 1893లోనే వంగదేశమున పుట్టిన కృష్ణచంద్ర డే పదునాలుగవ ఏట చూపు కోల్పోయి, గాయకుడై, చలనచిత్రములలోను పేరు గడించెను. ఈ ముగ్గురి జీవితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కనబడు సామ్యము ఒక్కటే. ముగ్గురికిని చిన్ననాటనే ఎవరో ఒకరు విద్య చెప్పిరి. ముగ్గురికిని వినువారు దొరికిరి.

వేంకటస్వామికి ఇరువదియారేండ్ల వయస్సు వచ్చునాటికి విజయనగరమున ఒక విశేషము జరిగినది. ఆ సంస్థానపు ఆస్థానమున చాగంటి జోగారావుగారని ఒక ఉద్యోగి ఉండిరి. ఆయన కుమారుడు గంగరాజు పుట్టుగ్రుడ్డి. ఆ బాలునికి సంగీతమనిన ప్రాణము. అతనికి విద్య చెప్పించవలెనన్న ప్రస్తావన ప్రభువైన పూసపాటి విజయరామ గజపతిరాజుగారి యొద్దకు వచ్చెను. ఒక గురువును కుదిర్చి ఇంటికి పంపినచో సరిపోయెడిది. జమీందారుల ఔదార్యము సాధారణముగా అంతవరకే సాగును. విజయరామ గజపతిగారు అట్లు చేయక, ఆ బాలునితోపాటు ఇతరులును నేర్చుకొనునట్లు ఒక పాఠశాలనే స్థాపించిరి. 1919వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన విజయరామ గాన పాఠశాల ఈ విధముగా వెలసినది. హరికథా పితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలైరి. చూపులేని ఒక పిల్లవాని కోరికనుండి పుట్టిన ఆ విద్యాలయము తెలుగుదేశములోని సంగీత కళాశాలలకెల్ల పెద్దదిక్కైనది.

ఆ పాఠశాలలో విద్యార్థిగా చేరుటకై నాయుడుగారు విజయనగరము పోయిరనియు, పరీక్షించుటకై వాయింపుమనగా విన్నవారు ఆశ్చర్యపడి, విద్యార్థిగా వచ్చినవానిని ఉపాధ్యాయునిగా నియమించిరనియు చెప్పుదురు. ఆ 1919లోనే ఆయన అచ్చట ఫిడేలు ఆచార్యులగుట మాత్రము చరిత్ర. చదువుకొనుటకు పనికిరాడని బడి వదలిపెట్టిన మనిషి, పాఠము చెప్పుటకు తగినవాడని మరియొక విద్యాలయము పిలిచి పీట వేసినది. ఈ రెంటి నడుమ ఆయన కన్నులేమియు బాగుపడలేదు. ఎదుటివారు ఆయనను అడిగిన ప్రశ్న మారినది. మొదటివారు ఏమి చూడగలవని అడిగిరి; రెండవవారు ఏమి వినిపించగలవని అడిగిరి.

ఈ ఉద్యోగమును కీర్తి దృష్టితో మాత్రమే చూడరాదు. నెలనెలకు వచ్చు జీతము, ప్రతిదినము ఒక వేళకు లేచి పోవలసిన చోటు, ఎదురుచూచు శిష్యులు, మాటాడుటకు సాటి విద్వాంసులు, ఇవన్నియు మనిషి ఆరోగ్యమునకు ఔషధములకంటె తక్కువైనవి కావు. చూపు తగ్గినవాడు ఇల్లు కదలనిచో కాళ్లు సన్నగిల్లును, పగలు నిద్ర, రాత్రి మెలకువ అలవాటగును, ఆలోచనలు తనచుట్టునే తిరుగును. పని ఉన్నచో దినమునకు ఒక ఆకారము వచ్చును. నాయుడుగారి దినమునకు ఆ ఆకారమును ఇచ్చినది కళాశాల. నారాయణదాసుగారి తరువాత 1936లో నాయుడుగారే ప్రిన్సిపాలైరి. ఒక కళాశాలను నడుపుట కాగితములతోను లెక్కలతోను కూడిన పని. అట్టి పదవిలో చూపుమందమైన వ్యక్తిని కూర్చుండబెట్టుటకు ఆనాటి పెద్దలు సందేహింపకుండుట నేటికిని మెచ్చుకొనదగినదే.

ఆయన వాదనము గూర్చి వినికిడిచేత తెలిసినవారు చెప్పునది కమాను గూర్చియే. తీగపై కమానును ఆ చివరనుండి ఈ చివరవరకు నిడుపుగా లాగి, ధ్వనిని పాటవలె సాగదీయుట ఆయన పద్ధతి. గరగరలేని మెత్తని నాదము. పాశ్చాత్య విద్వాంసుల కమాను పనితనమును ఆయన శ్రద్ధగా పరిశీలించి, అందులో మనకు పనికివచ్చునది గ్రహించి, రాగభావమునకు భంగము లేకుండ దానిని వాడుకొనిరి. పరుల విద్యను తెచ్చుకొనుటలో ఇది సరియైన మార్గము. కొందరు పూర్తిగా అనుకరింతురు, కొందరు ముట్టనే ముట్టరు. నాయుడుగారు తీసికొన్నది కమాను పట్టును. వాయించినది త్యాగరాజస్వామివారి కృతులను. సంగీతమును కాలక్షేపపు సరకుగా ఆయన ఎన్నడును భావింపలేదు. అది తపస్సని వారి నమ్మకము.

ఆ రోజులలో ఫిడేలు విద్వాంసుని స్థానము గాయకుని ప్రక్కన. గాయకుడు ముందు పాడవలెను, ఫిడేలు అతనిని అనుసరింపవలెను. గాయకుడు పల్లవిని ఏ వైపునకు త్రిప్పునో ముందుగా తెలియదు. కన్నులున్న ప్రక్కవాద్యకాడు గాయకుని ముఖమును, తొడపై తాళము వేయు చేతిని చూచుచు కొంత ఊహించును. ఆ ఆసరా సరిగా లేనివాడు మృదంగము దెబ్బను, గాయకుని ఊపిరిని వినియే తెలిసికొనవలెను. నాయుడుగారు అట్లే పెద్ద పెద్ద గాయకుల ప్రక్కన వాయించి మెప్పు పొందిరి. కాని ఆయన చేసిన గొప్పపని వేరొకటి. ప్రక్కన కూర్చున్న ఫిడేలును వేదిక నడుమకు తెచ్చిరి. గాయకుడు లేకుండ ఫిడేలే ప్రధానవాద్యముగా కచేరీ చేయుట దక్షిణదేశమున అంతగా వాడుకలో లేని కాలమది. 1938లో వెల్లూరులో ఆయన అట్టి కచేరీ చేసిరనియు, దక్షిణదేశమున అదియే మొదటిదనియు చెప్పుదురు. తరువాతి ఫిడేలు విద్వాంసులు వేదికలపై స్వతంత్రముగా కూర్చుండుటకు ఆ బాట ఎంతో ఉపకరించినది.

గ్రామఫోను పెట్టెయు, రేడియోయు పల్లెలకు చేరిన కాలమున నాయుడుగారి వాదనము రికార్డులమీద ఊరూర వినబడెను. ఆ పెట్టె చుట్టును చేరిన శ్రోతలకు విద్వాంసుని ముఖము కనబడదు. వాయించువానికిని శ్రోతల ముఖములు స్పష్టముగా కనబడవు. ఆ సంగీతము ఉభయపక్షములను చెవితోనే కలిపినది.

నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న దినములలోనే కృష్ణాజిల్లానుండి ఘంటసాల విజయనగరమునకు చేరెను. తండ్రి పోయిన పేద బాలుడు. సంగీతమున పైకి రమ్మని తండ్రి చివరి కోరిక. విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనిని చేరదీసి ఉచితముగా విద్య చెప్పిరి. భుజమునకు జోలె తగిలించుకొని ఇంటింట మధూకరము ఎత్తుకొనుచు ఆ బాలుడు చదువు సాగించెను. ఒకనికి చూపు లోటు, ఒకనికి అన్నము లోటు. ఈ రెండు లోటులు కలవారికిని తలుపు తెరచిన ఇల్లు అది. పుట్టుగ్రుడ్డి బాలునికొరకు మొదలిడిన పాఠశాల కానిచో, ఆంధ్రులందరి చెవులలో నిండిన ఆ గొంతునకు శాస్త్రజ్ఞానము ఎచ్చట దొరకెడిదో ఊహించుట కష్టము. నూకల చిన సత్యనారాయణగారు మొదలగు విద్వాంసులు నాయుడుగారి శిష్యకోటిలోనివారే. కుమారుడు భావనారాయణగారును, కుమార్తె మంగతాయారుగారును ఫిడేలునే చేపట్టిరి. అన్న తమ్మునికి ఇచ్చిన విద్య ఇట్లు వంశమునకే ఆస్తియైనది.

గౌరవములు వాటంతట అవియే వచ్చినవి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీత కళానిధి బిరుదు నిచ్చిరి. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో భారత ప్రభుత్వమువారి పద్మశ్రీ లభించినవి. ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చినపుడు, మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనమును విని మెచ్చుకొనెను. ఒకే వాద్యము, రెండు ఖండములు, రెండు పద్ధతులు. నేలపై కూర్చుండి, ఫిడేలు తలను పాదమున ఆనించి వాయించు మన పద్ధతి నిలుచుండి వాయించు ఆ విద్వాంసునకు ఎంత వింతగా తోచియుండునో.

ఈ గౌరవములన్నింటికంటె నాయుడుగారి మనస్సును తెలుపు సంఘటన ఒకటి కలదు. 1952లో న్యూఢిల్లీలో అంధుల సహాయనిధికి ధనము కూర్చుటకై కచేరీ జరుగగా, ఆయన తాముగా ముందుకు వచ్చి, చూపులేని ఇతర విద్వాంసులతోపాటు వాయించిరి. అప్పటికి వారికి అరువది ఏండ్లు సమీపించుచున్నవి. విజయనగరమునుండి ఢిల్లీ ప్రయాణమనగా ఆ కాలమున దినముల తరబడి రైలు. కీర్తి వచ్చిన తరువాత తన లోపమును మరుగుపరచుకొనువారు లోకమున పెక్కుమంది కలరు. ఆయన ఆ వేదికమీద ఆ పంక్తిలోనే కూర్చుండుట గమనింపదగినది.

ఆ నాటికి దేశములో చూపులేనివారి విద్య బాల్యదశలోనే ఉన్నది. ఫ్రాన్సు దేశస్థుడు లూయీ బ్రెయిలీ, తానే అంధుడై, ఉబ్బెత్తు చుక్కలతో చదువు లిపిని 1829లోనే ప్రకటించెను. మన దేశమున మొదటి అంధ పాఠశాల 1887లో అమృతసరమున వెలసినది. భారతీయ భాషలన్నింటికిని ఒకే విధమైన బ్రెయిలీ లిపి నిర్ణయమగునప్పటికి 1951 వచ్చినది. అనగా నాయుడుగారు పిల్లవానిగా ఉన్నప్పుడు తెలుగు బడిలో ఆయన చేతికి ఇవ్వదగిన పుస్తకమే లేదు. వ్రేళ్లతో చదువు పుస్తకము దొరకనివాడు వ్రేళ్లతో వాయించు వాద్యమును పట్టుకొనెను.

అయినను అందరికిని అన్నగారుండరు, అందరికిని రాజుగారి పాఠశాల ఉండదు. ఆనాడు డెల్టా పల్లెలలో చూపు మందగించిన కూలివాడు నాట్లలోను కోతలలోను వెనుకబడి సగము కూలికి పని చేసియుండును. సూదిలో దారము ఎక్కింపలేని ఆడుది తనకు వయస్సు మీరినదని ఊరకుండెడిది. రేచీకటిగల పిల్లలు ప్రొద్దుగ్రుంకగానే గోడ పట్టుకొని నడచెడివారు. ఆకుకూరలు, పాలు, గ్రుడ్లు చాలినంత లేని తిండివలన విటమిన్ ఏ కొరతపడి ఆ చీకటి వచ్చుచున్నదని తెలిసి, ప్రభుత్వము 1970లో పిల్లలకు ఆ విటమినును చుక్కలుగా ఇచ్చు కార్యక్రమము మొదలిడినది. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము 1976లో ప్రారంభమైనది. ప్రపంచమున 220 కోట్లకు తక్కువ కాకుండ జనులు ఏదో ఒక చూపులోపముతో ఉన్నారనియు, వారిలో కనీసము 100 కోట్లమంది విషయమున ఆ లోపము నివారింపదగినదో, సరిచేయదగియు సరిచేయబడనిదో అనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించినది. అస్సాములో తేయాకు కోయు నలుబది ఏండ్లు దాటిన కార్మికులకు దగ్గరచూపు అద్దములు ఇచ్చి చూడగా, అద్దములు పొందనివారికంటె వారి పని సుమారు 22 శాతము అధికముగా పెరిగినట్లు 2018లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పినది. ఒక జత అద్దముల వెల ఎంత! ఆ కార్మికులకు దక్కినది కూలి మాత్రమే కాదు. తోటివారితో సమానముగా పని సాగుటచేత కలుగు ధైర్యము కూడ.

అద్దములతో సరిపడని చూపును, శస్త్రముతో తీరని లోపమును ఉండును. నాయుడుగారి చూపులోపము ఆయనను విడువలేదు. వారికి వైద్యము చేయలేని సహాయమును చుట్టునున్న మనుష్యులు చేసిరి. విద్య చెప్పిన అన్న, పరీక్షించి పీట వేసిన కళాశాల, ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న గాయకులు, విని తల యూచిన శ్రోతలు, వీరందరును కలిసి ఒక మనిషిని ఏడుపది ఏండ్లవరకు నిండు జీవితములో నిలిపిరి. ఆయన శ్రమ ఆయనదే. కాని ఆ శ్రమ పడుటకు చోటు ఇచ్చినవారిని మరచుట న్యాయము కాదు.

1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు పరమపదించిరి. విశాఖపట్టణమున వారి శిలావిగ్రహము నెలకొన్నది. అచ్చటి ఒక కళాక్షేత్రమునకు వారి పేరు పెట్టిరి. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలాశాఖ వారి బొమ్మతో బిళ్లను వెలువరించినది. చాగంటివారి కుమారునికొరకు 1919లో తలుపులు తెరచిన ఆ పాఠశాల తరువాత ప్రభుత్వ కళాశాలయై నిలిచినది. విజయనగరమున ఆ భవనములో నేటికిని ఫిడేలు తరగతి నడచుచున్నది.